మెమరీ కార్డు కొనేముందు: వేగం ఎంత, ధర ఎంత, మన పెద్దల పాట ఎంతసేపు



పోస్టు జర పెద్దగనే ఉంది. తీరిక ఉన్నప్పుడు చదవండి. దండారి దగ్గర పడుతుంటే చాలు, ప్రతి ఏడూ మాకు అదే ప్రశ్న వస్తది: "అన్నా, కెమెరాకు ఏ కార్డు కొనాలె? ఎంతల దొరుకుతది?" ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు, మేము తెలుసుకున్నదంతా ఒక్కచోట రాస్తున్నాం. మేము అంటే ఉట్నూర్ వైపు హాస్టళ్లలో కలిసి చదువుకుని, ఇప్పుడు డిగ్రీ, బీఈడీ, ఐటీఐ అంటూ తలా ఒక దిక్కు పోయిన ఏడుగురం. మాలో గోండులు, కొలాములు, ప్రధాన్లు ఉన్నారు. ఏడుగురికీ కలిపి ఒక్కటే కెమెరా. అది కూడా సెకండ్ హ్యాండ్‌ది, 24 మెగాపిక్సెల్.

కార్డు గురించి ఇంత రాయాలా అని కొందరికి అనిపిస్తుంది. గోరంత ప్లాస్టిక్ ముక్క, దుకాణంలో ఏది ఇస్తే అది తెచ్చుకుంటే పోలా అంటారు. పుట్టినరోజు ఫొటోలకైతే నిజమే, ఏదైనా పనిచేస్తుంది. కానీ మన గూడేలలో కెమెరా చేసే పని వేరు. 2024లో మనం ఇద్దరు పెద్దలను పోగొట్టుకున్నాం. ఒకరు మార్లవాయి గుస్సాడీ కనకరాజు గారు, 2021లో పద్మశ్రీ అందుకున్నారు. ఇంకొకరు మణుగూరు దగ్గరి కూనవరం సకిని రామచంద్రయ్య గారు, కోయల డోలి కళాకారుడు, 2022లో పద్మశ్రీ వచ్చింది. వాళ్లకు పేరు వచ్చింది కాబట్టి టీవీ వాళ్లు, పత్రికల వాళ్లు వచ్చి ఎంతో కొంత రికార్డు చేసుకున్నారు. పేరు రాని పెద్దలు ప్రతి గూడెంలోనూ ఉన్నారు. వాళ్ల దగ్గరికి కెమెరా పట్టుకుని వెళ్లేది మనమే.

ఇంకో మాట. 1940లలో హైమన్‌డార్ఫ్ దొర మార్లవాయిలో ఉండి గోండుల ఫొటోలు, ఫిల్ములు తీశారు. అవి ఇప్పుడు లండన్‌లోని స్కూల్ ఆఫ్ ఓరియెంటల్ అండ్ ఆఫ్రికన్ స్టడీస్‌లో ఉన్నాయి. మన ముత్తాతల ముఖాలు లండన్‌లో భద్రంగా ఉన్నాయన్నమాట. ఆయన మీద మనకు గౌరవమే. కానీ ఇప్పుడు కెమెరా మన చేతిలో ఉంది. తీసినదాన్ని భద్రంగా ఉంచే బాధ్యత కూడా మన చేతికే వచ్చింది. అది మొదలయ్యేది మెమరీ కార్డు దగ్గరే.

మొదలు ఈ కార్డు ఎక్కడి నుంచి వచ్చిందో నాలుగు ముక్కల్లో. 1975లో అమెరికాలో కోడాక్ కంపెనీలో స్టీవ్ సాసన్ అనే ఇంజనీరు మొదటి డిజిటల్ కెమెరా తయారు చేశాడు. అది ఫొటోను క్యాసెట్ టేపు మీద రాసేది. పది వేల చుక్కల ఫొటో ఒక్కటి రాయడానికి 23 సెకన్లు పట్టేది. మన ఇళ్లలో పాటలు వినే క్యాసెట్ లాంటిదే అది. తర్వాత 1980లలో జపాన్‌లో తోషిబా ఇంజనీరు ఫుజియో మసువోకా ఫ్లాష్ మెమరీ కనిపెట్టాడు. కరెంటు తీసేసినా రాసింది పోదు, తిరిగే టేపు అక్కరలేదు. 1999లో పానసోనిక్, శాన్‌డిస్క్, తోషిబా కలిసి ఎస్‌డీ కార్డు తెచ్చాయి. ఇప్పుడు మన కెమెరాల్లో ఉండేది ఎక్కువగా అదే. సాసన్ కాలం నుంచి ఇప్పటి దాకా ప్రశ్న మాత్రం మారలేదు. కెమెరా చూసినంత వేగంగా ఆ డబ్బా రాసుకోగలదా, ఎంతసేపు రాసుకోగలదు?

ముందు 'ఎంతసేపు' లెక్క చూద్దాం.

కెమెరా వీడియో నాణ్యతను మెగాబిట్లలో చెబుతుంది. కార్డును మెగాబైట్లలో అమ్ముతారు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైట్. ఈ ఒక్క ముక్క తెలియక మనోళ్లు చాలామంది ఆగమైతరు. కెమెరా పుస్తకంలో సెకనుకు 100 మెగాబిట్లు అని ఉంటే భయపడనక్కరలేదు. ఎనిమిదితో భాగించండి, 12.5 ఎంబీ. అంతే. మా కెమెరా ఫుల్ హెచ్‌డీ వీడియోను సెకనుకు సుమారు 30 మెగాబిట్లతో తీస్తుంది. అంటే సెకనుకు 3.75 ఎంబీ. నిమిషానికి 225 ఎంబీ. గంటకు 13.5 జీబీ. ఈ లెక్కన 32 జీబీ కార్డులో సుమారు రెండు గంటల ఇరవై నిమిషాలు పడుతుంది. 64 జీబీలో నాలుగు గంటల నలభై నిమిషాలు పైన. అదే 4కే కెమెరా సెకనుకు 100 మెగాబిట్లతో తీస్తే గంటకు 45 జీబీ తింటుంది. 64 జీబీ కార్డు గంటన్నర లోపే నిండిపోతుంది.

కార్డు కంప్యూటర్‌కు పెట్టగానే 64 బదులు 59 చిల్లర చూపిస్తే దుకాణపాయన మోసం చేసిండని లొల్లి పెట్టకండి. కంపెనీ వెయ్యి చొప్పున లెక్క కడుతుంది, విండోస్ 1024 చొప్పున లెక్క కడుతుంది. తేడా అదే.

ఇంకొకటి గమనించాలి. 2 జీబీ దాకా ఉండేవి మామూలు ఎస్‌డీ కార్డులు. 2 నుంచి 32 జీబీ దాకా ఎస్‌డీహెచ్‌సీ. ఆ పైన 2 టీబీ దాకా ఎస్‌డీఎక్స్‌సీ. పాత కెమెరా కొత్త రకం కార్డును గుర్తుపట్టదు. మీ అన్న ఎప్పుడో కొన్న పదిహేనేళ్ల నాటి చిన్న కెమెరా ఉంటే, దాని మీద గానీ పుస్తకంలో గానీ ఎస్‌డీఎక్స్‌సీ అని ఉందో లేదో చూసి కొనండి. లేకుంటే 32 జీబీ దగ్గర ఆగండి. 32 జీబీ లోపు కార్డుల్లో ఒక్క ఫైలు 4 జీబీ దాటదు. కాబట్టి పొడుగు పాట ముక్కలుగా వస్తుంది. మా లెక్కన పంతొమ్మిది నిమిషాలకు ఒక ముక్క. కంగారు పడకండి, తర్వాత వరుసగా అతికించుకోవచ్చు.

ఇప్పుడు వేగం సంగతి.

కార్డు మీద చూస్తే జాతరలో దుకాణం బోర్డు లాగా అన్ని గుర్తులు ఉంటాయి. అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో 100, 170, 200 అని ఒక అంకె. అది చాలావరకు చదివే వేగం. అంటే కార్డులోంచి కంప్యూటర్‌కు కాపీ అయ్యే వేగం. అది కూడా 'ఇంతవరకు రావచ్చు' అని. 104 దాటిన అంకెలు కొన్ని కార్డులకు ఆ కంపెనీ సొంత రీడర్‌తోనే వస్తాయి. కెమెరాకు కావలసింది రాసే వేగం. అది కూడా ఒక్క క్షణం దూకి ఆగిపోయేది కాదు, ఆగకుండా రాసే వేగం. దానికి గుర్తులు వేరే ఉన్నాయి. ఇంగ్లిష్ 'సి' అక్షరం లోపల 10 ఉంటే సెకనుకు కనీసం 10 ఎంబీ. 'యు' అక్షరం లోపల 1 ఉంటే అదే 10, 3 ఉంటే 30 ఎంబీ. 'వి' పక్కన 30, 60, 90 ఉంటే నేరుగా అన్నేసి ఎంబీలు. ఇంత కన్నా తగ్గనని కార్డు ఇచ్చే మాట అది. పెద్ద అంకెను వదిలేసి ఈ చిన్న గుర్తును చూడండి.

'ఏ1', 'ఏ2' అని ఉంటే అది ఫోన్లో యాప్‌లు నడపడానికి సంబంధించినది. కెమెరాకు దానితో పనిలేదు. దాని కోసం డబ్బులు ఎక్కువ పెట్టకండి.

పాత కార్డుల మీద 133ఎక్స్, 633ఎక్స్ అని కూడా ఉంటుంది. ఒక ఎక్స్ అంటే 150 కేబీ. 133ఎక్స్ అంటే 20 ఎంబీ, 633ఎక్స్ అంటే 95 ఎంబీ. ఇది కూడా ఎక్కువగా చదివే వేగమే.

ఇప్పుడు ఈ రెండు లెక్కలు పక్కపక్కన పెట్టండి. మా కెమెరా వీడియోకు సెకనుకు 3.75 ఎంబీ చాలు. క్లాస్ 10 కార్డు కనీసం 10 ఇస్తుంది. అంటే ఫుల్ హెచ్‌డీ వీడియో కోసం ఖరీదైన కార్డు అవసరమే లేదు. 4కేకు 12.5 కావాలి, అప్పుడు క్లాస్ 10 సరిపోదు, యు3 లేదా వి30 తీసుకోవాలి. వి60, వి90 అనేవి సినిమా పని చేసే కెమెరాలకు. వాటి ధర వి30 కన్నా ఎన్నో రెట్లు.

మాలో ఒకడు మాత్రం వినలేదు. "కొంటే మంచిదే కొనాలె, 300 ఎంబీ స్పీడుది ఉన్నదట" అన్నాడు. వెనక రెండు వరుసల పిన్నులు ఉండే యూహెచ్‌ఎస్ 2 కార్డు అది. మా కెమెరా యూహెచ్‌ఎస్ 1. దాంట్లో రెండో వరుస పిన్నులను తాకే తీగలే లేవు. ఆ కార్డు పెడితే పనిచేస్తుంది గానీ పాత వేగంతోనే, 104 దాటదు. ఎడ్లబండికి లారీ టైర్లు కట్టినట్టు. వాడికి ఈ మాట దుకాణంలో చెప్పినం. వాడే నవ్వి కార్డు తిరిగి ఇచ్చేసిండు.

అయితే ఫొటోల దగ్గర వేగం నిజంగా అవసరం పడుతుంది. గుస్సాడీలు నెమలి పింఛాల టోపీతో ఎగిరే ఆ క్షణం ఒక్క క్లిక్‌లో దొరకదు. బటన్ నొక్కి పట్టుకుని పది ఫొటోలు వరుసగా తీస్తాం. రా ఫైలు ఒక్కొక్కటి 25 ఎంబీ అనుకుంటే పదికి 250 ఎంబీ. కెమెరా వాటిని మొదలు తన కడుపులో దాచుకుని, తర్వాత మెల్లగా కార్డులోకి పోస్తుంది. కార్డు 20 ఎంబీతో రాస్తే పన్నెండు సెకన్లు పైన. 80 ఎంబీతో రాస్తే మూడు సెకన్లు. ఆ పన్నెండు సెకన్లలో కెమెరా మీద ఎర్ర లైటు వెలుగుతూనే ఉంటుంది, డప్పు దరువు మారిపోతుంది, గుస్సాడీ అవతలికి పోతాడు. జేపెగ్‌లో తీసేవాళ్లకు ఈ బాధ చాలా తక్కువ. ఫైలు చిన్నది కాబట్టి మామూలు కార్డు కూడా అందుకుంటుంది.

ఇక ధర. మేము తలా 350 వేసుకుంటే 2,450 రూపాయలు అయినాయి. స్కాలర్‌షిప్ రాని నెల అది. మేము అడిగిన రోజు దుకాణంలో 32 జీబీ యు1 కార్డు 450, 64 జీబీ యు1 కార్డు 650, 64 జీబీ వి30 కార్డు 1,050, 128 జీబీ వి30 కార్డు 1,800. ఈ ధరలు రోజుకో తీరుగా మారుతాయి, కాబట్టి అంకెలు కాదు, లెక్క కట్టే పద్ధతి చూడండి. ధరను జీబీతో భాగించండి. 128 వి30కి జీబీకి పద్నాలుగు రూపాయలు. 64 వి30కి పదహారున్నర. ఒట్టి లెక్క చూస్తే పెద్ద కార్డే చవక.

మేము పెద్ద కార్డు తీసుకోలేదు. రెండు 64 జీబీ వి30 కార్డులు తీసుకున్నాం, 2,100. మిగిలిన 350తో ఒక యూఎస్‌బీ 3 కార్డు రీడర్. ఎందుకో చెబుతాం.

మా ప్రధాన్ మిత్రుడి ఊర్లో ఒక తాత ఉన్నాడు. కిక్రి వాయిస్తూ గోత్రం కథ చెబుతాడు. ఎనభై దాటినాయి. రాత్రి పదింటికి మొదలుపెడితే తెల్లారుజామున నాలుగింటికి ముగుస్తుంది. మధ్యలో ఆపి "తాతా, కార్డు నిండింది, ఆ ముక్క మళ్లీ పాడు" అనడానికి లేదు. కథ అట్ల నడవదు. ఆరు గంటలకు మా లెక్కన 81 జీబీ. ఒక్క 64 సరిపోదు. ఒక్క 128 సరిపోతుంది, కానీ అది చెడిపోతే రాత్రంతా పోతుంది. రెండు కార్డులైతే, ఒకటి చెడినా సగం కథ మిగులుతుంది. విత్తనాలు దాచేటప్పుడు మన అమ్మమ్మలు అంతా ఒకే కుండలో పోయరు కదా. జీబీకి రెండున్నర రూపాయలు ఎక్కువ పెట్టింది ఆ ధైర్యం కోసమే.

ఆ రాత్రి అనుకున్నట్టే నడిచింది. చాయ కోసం తాత కిక్రి పక్కన పెట్టినప్పుడు కార్డు మార్చినం. చాలా కెమెరాల్లాగా మాది కూడా 29 నిమిషాల 59 సెకన్లకు తనంతట తానే ఆగిపోతుంది. కాబట్టి ఒక చెల్లెకు ఫోన్లో అలారం పెట్టించి కెమెరా పక్కనే కూర్చోబెట్టినం. రికార్డింగ్ ఆపి వెంటనే మళ్లీ మొదలుపెట్టడం ఆమె పని. ఆ రెండు సెకన్ల ఖాళీ పూడ్చడానికి వేరే సౌండ్ రికార్డర్ మొత్తం సమయం నడిచింది. మాట, పాట రికార్డు చేయడానికి వేగం అసలు అక్కరలేదు. మంచి నాణ్యత డబ్ల్యూఏవీ ఫైలు కూడా గంటకు 700 ఎంబీ లోపే. ఆరు గంటలకు 4 జీబీ చిల్లర. దాంట్లో మా దగ్గర ఎప్పటి నుంచో ఉన్న 16 జీబీ క్లాస్ 10 కార్డే పెట్టినం. డబ్బులు అసలే లేని తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. కెమెరా లేకున్నా, గొంతు భద్రం చేయడానికి అతి చవక కార్డు చాలు.

మొత్తం అయిదు గంటల నలభై నిమిషాలు వచ్చింది. తాత ఇప్పటికీ బాగానే ఉన్నాడు. కానీ ఈ ఏడు గంట పాడేసరికి దగ్గు అందుకుంటోంది. రాత్రంతా కూర్చోలేకపోతున్నాడు. ఆయన మనుమడు ఐటీఐ చదువుతున్నాడు. బస్సులో పోతూ వస్తూ ఆ రికార్డింగు చెవుల్లో పెట్టుకుని ఒక్కో ముక్క నేర్చుకుంటున్నాడు. మేము కార్డు గురించి ఇంత పొడుగు పోస్టు రాస్తున్నది అందుకే.

రీడర్ ఎందుకు కొన్నట్టు? మా పాత రీడర్ యూఎస్‌బీ 2, సెకనుకు 30 ఎంబీ దాటేది కాదు. 60 జీబీ కాపీ చేయాలంటే అరగంట పైన. కొత్తది 90 దాకా ఇస్తుంది, పదకొండు, పన్నెండు నిమిషాలు. గూడెంలో కరెంటు ఎప్పుడు ఉంటదో, ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎంతసేపు నిలుస్తదో తెలియనప్పుడు ఆ ఇరవై నిమిషాలు విలువైనవి. రీడర్‌ను ల్యాప్‌టాప్‌లో నీలం రంగు నాలుక ఉన్న పోర్టులో పెట్టండి, చాలా ల్యాప్‌టాప్‌లలో అదే యూఎస్‌బీ 3. నల్లదాంట్లో పెడితే వేగం కార్డు మీద ఉన్నా చేతికి రాదు. 170 స్పీడు కార్డు కొని పాత రీడర్‌తో కాపీ చేసే వాళ్లను చూశాం. డబ్బులు తప్పు చోట పెట్టినట్టే.

ఫొటోలు జేపెగ్‌లో, వీడియో ఫుల్ హెచ్‌డీలో మాత్రమే తీసేవాళ్లయితే మా కన్నా తక్కువలో అయిపోతుంది. రెండు 64 జీబీ యు1 కార్డులు చాలు. మిగిలిన ఎనిమిది వందలను ఇంకో బ్యాటరీ కోసం దాచుకోండి. రాత్రి కార్యక్రమాల్లో కార్డు కన్నా ముందు బ్యాటరీయే చేతులెత్తేస్తుంది.

ఇప్పుడు దొంగ కార్డుల సంగతి. మా పక్క ఊరి పిల్లగాళ్లు ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర 128 జీబీ కార్డు సగం ధరకు కొన్నారు. మొదటి ఫొటోలు బాగానే ఉన్నాయి. తర్వాతవి సగం బూడిద రంగు, కొన్ని తెరుచుకోనే లేదు. లోపల ఉన్నది 8 జీబీ మాత్రమే. కార్డులో ఉండే చిన్న చిప్పు 128 అని అబద్ధం చెబుతుంది. 8 నిండాక వచ్చినదాన్ని పాతదాని మీద రాస్తుంది, లేదా పారేస్తుంది. కెమెరాకు ఏమీ తెలియదు, ఎర్ర లైటు మామూలుగానే వెలుగుతుంది. కాబట్టి కొత్త కార్డు ఏది తెచ్చినా, ఎవరి దగ్గర తెచ్చినా, మొదటి రోజే పరీక్షించండి. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లైనక్స్‌లో ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. కార్డు నిండా రాసి, తిరిగి చదివి సరిపోల్చి చూస్తాయి. రాసే అసలు వేగం కూడా చెబుతాయి. 64 జీబీకి అరగంట నుంచి గంట పడుతుంది. ఒక టీబీ కార్డు నాలుగు వందలకే అని ఎవరైనా చెబితే పరీక్ష కూడా అక్కరలేదు, కొనకండి.

మైక్రో ఎస్‌డీ కార్డును అడాప్టర్‌లో పెట్టి కెమెరాలో వాడొచ్చా అని అడుగుతున్నారు. వాడొచ్చు. ఫోనుకూ పనికొస్తుంది, కొన్నిసార్లు చవక కూడా. కాకపోతే మధ్యలో ఇంకో జత పిన్నులు చేరతాయి, అవి వదులైతే రికార్డింగ్ మధ్యలో కెమెరా కార్డు లేదంటుంది. గడ్డిలో పడితే వెతకడం కూడా కష్టం. ఉన్నదే వాడుకోండి, కొత్తగా కొనేటప్పుడు మాత్రం పెద్ద సైజు కొనండి.

కొన్న తర్వాత జాగ్రత్తలు కొన్ని. కార్డును కంప్యూటర్‌లో కాదు, కెమెరాలోనే ఫార్మాట్ చేయండి. అది కూడా ఫైళ్లు రెండు చోట్ల కాపీ అయ్యాకే. కార్డుల మీద ఒకటి, రెండు అని మార్కర్‌తో రాసుకోండి. డబ్బీలో ఖాళీ కార్డు బొమ్మ పైకి, నిండిన కార్డు బోర్లా పెట్టండి, చీకట్లో కూడా తెలుస్తుంది. నిండిన కార్డు పక్కనుండే చిన్న తాళం కిందికి జరపండి, పొరపాటున కూడా ఏదీ చెరగదు. ఎర్ర లైటు ఆరకముందు కార్డు గానీ బ్యాటరీ గానీ తీయకండి. వానాకాలం డబ్బీలో చెమ్మ చేరకుండా చూడండి.

ఫైళ్లు పొరపాటున పోతే ఆ కార్డుతో ఇంకొక్క ఫొటో కూడా తీయకండి, పక్కన పెట్టండి. డిలీట్ కొడితే ఫైలు నిజంగా పోదు, దాని పేరు జాబితాలోంచి పోతుంది, అంతే. ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాముతో చాలావరకు తిరిగి వస్తాయి. దాని మీద కొత్తవి రాస్తే మాత్రం పాతవి దక్కవు.

ఇదే విషయానికి ఇంకో వైపు ఉంది, మనవాళ్లు దీన్ని బాగా ఆలోచించాలి. పేన్ దగ్గర జరిగేవన్నీ తీయడానికి కాదు. కొన్ని బయటివాళ్లు చూడకూడనివి, కొన్ని మనలోనే కొందరు చూడకూడనివి. పెద్దలు "ఇది తీయొద్దు, తీసింది తుడిచెయ్యి" అంటే, వాళ్ల ముందు డిలీట్ బటన్ నొక్కి వచ్చేయడం మాట నిలబెట్టుకోవడం కాదు. ఆ కార్డు ఎవరి చేతికి పోయినా తిరిగి తీయగలుగుతారు. మిగతావి కాపీ చేసుకుని, కార్డు ఫార్మాట్ చేసి, ఇందాక చెప్పిన పరీక్ష ప్రోగ్రాముతో దాన్ని నిండా రాయండి. అప్పుడు పాతదాని మీద కొత్తది పడుతుంది. దొంగ కార్డును పట్టుకునే పనిముట్టే ఈ పనికి కూడా వస్తుంది.

ఆఖరుది, అన్నిటికన్నా ముఖ్యమైనది. కార్డు గంప లాంటిది, గుమ్మి కాదు. చేను నుంచి ఇంటిదాకా మోయడానికి గంప. ఏడాది పొడుగునా నిల్వ ఉంచడానికి గుమ్మి. ఫ్లాష్ మెమరీలో ఒక్కో గదిలో కొంచెం కరెంటు బంధించి ఉంచుతారు, అదే రాత. ఏళ్లు గడిచేకొద్దీ అది మెల్లగా కారిపోతుంది. వేడికి ఇంకా తొందరగా. కాబట్టి కార్డు నిండింది కదా అని పెట్టెలో దాచి కొత్త కార్డు కొనకండి. ఫొటోలు తీసేవాళ్లు ఒక లెక్క చెబుతారు: మూడు ప్రతులు, రెండు రకాల వస్తువుల మీద, ఒకటి వేరే ఊరిలో. మేము ల్యాప్‌టాప్‌లో ఒకటి, హార్డ్‌డిస్కులో ఒకటి పెట్టుకుంటాం. మూడోది ఇంకో ఊర్లో ఉన్న మిత్రుడి ఇంట్లో. ఇవి కాక, ఎవరి పాట తీస్తే వాళ్ల ఇంటికి ఫోన్లో ఆడే చిన్న సైజు ప్రతి ఒకటి ఇచ్చి వస్తాం. తీసుకుపోయినవాళ్లు తిరిగి ఇవ్వలేదనే మాట మన మీద రావద్దు. ప్రతి ఫోల్డరు మీద ఊరు, తేదీ, ఎవరు పాడారు, ఏ గోత్రం, తీయడానికి ఎవరు ఒప్పుకున్నారు అన్నవి రాయండి. పేరు లేని ఫైలు ఇరవై ఏళ్ల తర్వాత ఎవరిదో ఎవరికీ తెలియదు.

కొనబోయేవాళ్లు చేయాల్సింది ఇంతే. కెమెరా పుస్తకంలో అది ఎంత పెద్ద కార్డు తీసుకుంటుందో, వీడియో ఎన్ని మెగాబిట్లో చూడండి. ఎనిమిదితో భాగించండి. మీరు తీయబోయేది ఎన్ని గంటలో పెద్దలనే అడగండి, ఆ గంటలతో గుణించండి. వచ్చిన జీబీని రెండు కార్డులుగా పంచండి. వేగం గుర్తు మీ అవసరానికి పైన ఒక్క మెట్టు ఉంటే చాలు. మిగిలిన డబ్బులు రీడరుకు, బ్యాటరీకి. తెచ్చిన రోజే పరీక్ష.

లెక్క తేలకపోతే మీ కెమెరా మోడల్ రాయండి, మాలో ఎవరో ఒకరం లెక్క కట్టి చెబుతాం. ఉట్నూర్ చుట్టుపక్కల ఊర్లలో దండారి సమయంలో కార్డు లేక ఆగిపోయేవాళ్లుంటే ముందుగా చెప్పండి. మా రెండింటిలో ఒకటి ఆ రోజు ఖాళీగా ఉంటే ఇస్తాం. పని అయ్యాక కాపీ చేసుకుని, ఫార్మాట్ చేసి తిరిగి ఇయ్యండి.